పాట కింద పేరు

కింద రెడీమేడ్ బట్టల కొట్టు తెరిచారు. తెరవగానే ఆ పాటే పెట్టారు.

షీబా పరుగున వెళ్లి వీధివైపు కిటికీ రెక్కలు మూసింది. వంటింటి కిటికీ కూడా మూసింది. అయినా పాట గోడల్లోంచి వస్తున్నట్టే ఉంది. ముందు గిటారు, తర్వాత గాయకుడు కళ్యాణ్ గొంతు, ఆ తర్వాత మాటల్లేని ఆలాపన. ఆ ఆలాపన షీబాది.

"ఎన్ని మూస్తావే?" అంది అక్క చిన్నపొన్ను, పొయ్యి దగ్గర మెడ తుడుచుకుంటూ. "ఊపిరాడక చస్తాం. వాషర్‌మెన్‌పేటంతా ఆ పాటే మోగతా ఉండాది. చెన్నైలో కిటికీలన్నీ పోయి మూసొస్తావా?"

"వాడికీ వినపడతాది గదక్కా."

చిన్నపొన్ను చెల్లెలి భుజం మీదుగా లోపలి గదిలోకి చూసింది.

అక్కడ గోడకానుకుని జెబ కూర్చుని ఉంది. షీబా కూతురు, పద్నాలుగేళ్లది. బడి యూనిఫాం వేసుకుంది కానీ బడికి పోలేదు. ముందున్న ఇడ్లీ ఎండిపోయింది. ఫోన్ ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. నిన్న సాయంత్రం నుంచి తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు.

చిన్నపొన్ను భర్త వేలు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆటో తాళం వేలికి తగిలించుకుని ఉన్నాడు.

"పోదామా షీబా? ఎండ ముదిరితే మౌంట్ రోడ్డులో ఇరుక్కుంటాం. ఆ కళ్యాణ్ బాబు స్టూడియోలో ఉండేది పొద్దున పూటే గదా."

"పోదాం బావా."

"నేనూ వస్తా," అంది జెబ.

ముగ్గురూ తిరిగి చూశారు.

"నువ్వెందుకు?" అంది షీబా. "పెద్దమ్మ దగ్గర ఉండు."

జెబ తల్లి వైపు చూడకుండా చిన్నపొన్నుతో అంది. "పెద్దమ్మా, నిన్న నాకొక చచ్చిపోయినాయన కనిపించినాడు. సింగర్ ముత్తురాజ్ పక్కన నిలబడి డ్రమ్ ప్యాడ్స్ వాయిస్తా ఉండాడు. ఈ శనివారం కూడా వాయిస్తాడంట. చచ్చిపోయినోళ్లు కచేరీలు చేస్తారా?"

"ఆపు జెబా," అంది షీబా.

"నేనొస్తే ఈళ్ల పనేమన్నా చెడిపోతాదా పెద్దమ్మా? ఆ స్టూడియోలో ఇంకా ఏముందో చూస్తా. ఇంకెవరెవరు బతికుండారో తెలుసుకుంటా."

షీబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

నిన్న అది సంతోషంతోనే మొదలయింది. 'రేవు దీపం' పాట విడుదలై వారం కాలేదు, ఊరంతా పట్టేసింది. పాట కింద పాడినవాళ్లవీ వాయించినవాళ్లవీ పేర్లన్నీ వేశారని బళ్లో ఎవరో చెబితే, జెబ ఇంటికి పరిగెత్తుకొచ్చి ఫోన్ తెరిచింది. 'ఆలాపన: షీబా' అని ఉంది. ఇన్నేళ్లూ కోరస్ గుంపులో వెనక వరసలో నిలబడి పాడిన అమ్మ పేరు. జెబ ఆ పేరు మీద వేలు పెట్టింది. ఇంకో పేజీ తెరుచుకుంది. అందులో ఎప్పుడో షీబా పాడిన భక్తిగీతాల ఆల్బం ఒకటి ఉంది. ఎవరు కలిపారో, పాత గొంతునూ కొత్త గొంతునూ ఒకే పేరు కింద కలిపేశారు. ఆ ఆల్బం కింద మళ్లీ పేర్లు. 'ప్యాడ్స్: ఆనంద్‌రాజ్.'

దాని మీదా వేలు పెట్టింది. ఫోటో వచ్చింది. కనుబొమలు రెండూ మధ్యలో కలిసిన ముఖం. అద్దంలో జెబ రోజూ చూసుకునే కనుబొమలే.

ఫోటో కింద ఆయన ఇప్పుడు ఎవరి బృందంలో వాయిస్తున్నాడో, ఏ ఊళ్లో ఎప్పుడు కచేరీ ఉందో అన్నీ వరసగా ఉన్నాయి. గాయకుడు ముత్తురాజ్ బృందం. శనివారం నందనం మైదానం. అదే వేదిక మీద కళ్యాణ్ బృందం కూడా పాడుతుంది.

జెబకు తెలిసినంతలో ఆనంద్‌రాజ్ అనే తన తండ్రి, తనకు నాలుగేళ్లప్పుడు కచేరీ నుంచి తిరిగొస్తుండగా వ్యాను బోల్తాపడి చనిపోయాడు. అలాగని తల్లి చెప్పింది. పెద్దమ్మ కాదనలేదు. పెదనాయన తల ఊపాడు.

షీబా రాత్రంతా ఒక్కటే ఆలోచించింది. పాప వేలితో తడుముకుంటూ వాడి దాకా పోయింది. అదే దారి పట్టుకుని వాడు ఈడికి రాలేడా?

"స్టూడియోలన్నిట్లో నేను మేరీ అనే చెప్పుకున్నా," అంది ఇప్పుడు, ఎవరితోనో కాదన్నట్టు. "ఒక్క చోట కూడా షీబా అనలేదు. కోరస్ వసంతలక్ష్మక్క నా అసలు పేరు ఇచ్చేసింది. మంచి చేస్తున్నాననుకోని."

"మంచే చేసింది," అంది చిన్నపొన్ను. "నీ పేరు నీకు లేకుండా ఎన్నాళ్లు బతుకుతావు?"

"బతికితే చాలక్కా."

"పేరు తీయించి, తర్వాత? మళ్లీ మూట కట్టుకోని ఇంకో ఊరికి పోతావా? ఇది పదో తరగతికి రాబోతుంది. దీన్నెంత దూరం ఈడుస్తావు?"

"నువ్వయితే ఏం చేస్తావు చెప్పు."

"ఆ రోజే పోలీసు స్టేషన్‌కు పోదామన్నా. నువ్వే నా కాళ్లు పట్టుకున్నావు. వద్దక్కా, చెప్తే చంపేస్తాడు అన్నావు. నేనూ భయపడి ఊరుకున్నా."

జెబ తలెత్తింది. "ఎందుకు చంపేస్తాడు?"

కింద కొట్లో పాట అయిపోయి, వెంటనే మళ్లీ మొదలయింది.

"చెప్పవే," అంది చిన్నపొన్ను చెల్లెలితో. "ఇప్పటికైనా చెప్పు. లేకుంటే నేను చెప్తా."

"దాని ముందర వద్దక్కా."

"అయితే దాన్నీ తీసుకుపో. దోవలోనన్నా చెప్పు. నేను ఈడే ఉంటా, నీళ్ల లారీ వస్తాది. ఎవరన్నా వస్తే నేను చూసుకుంటా."

ఆ చివరి మాట చిన్నపొన్ను మామూలుగానే అంది. షీబా మాత్రం మెట్ల మీద రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది.

* * *

ఆటోలో తల్లీకూతుళ్లు చెరొక కొసనా కూర్చున్నారు. మధ్యలో జెబ బడి సంచి.

సెంట్రల్ స్టేషన్ ముందర సిగ్నల్ పడింది. పక్కన ఆగిన ఇంకో ఆటోలో అదే పాట. షీబా కొంగు తలమీదికి లాక్కుని ముఖం సగం కప్పుకుంది. ఆ ఆటోలో ప్యాంటు చొక్కా వేసుకున్న మనిషి ఎవరో అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. వెడల్పాటి వీపు. ఆ వీపు ఇటు తిరిగే దాకా షీబా ఊపిరి బిగబట్టింది. ఎవరో ముసలాయన.

"పెదనాయనా, నీకూ తెలుసా?" అంది జెబ.

"ఏంది?"

"ఆయన బతికుండాడని."

"బండి తోలనీ అమ్మా."

సిగ్నల్ మారింది. కొంత దూరం పోయాక వేలు అద్దంలోకి చూస్తూ అన్నాడు. "తెలుసు. మీ అమ్మ నిన్ను ఎత్తుకోని వచ్చిన రోజు, బస్టాండు నుంచి ఈ ఆటోలోనే తీసకొచ్చినా. నువ్వు నిద్రపోతా ఉండావు. మీ అమ్మకు మాట రాలేదు. నీళ్లు కావాలని సైగ చేసింది. ఇచ్చినా గానీ మింగలేకపోయింది."

"ఎందుకని?"

వేలు అద్దంలో మరదలిని చూశాడు. షీబా తల అడ్డంగా ఊపింది.

"రోడ్డు చూసి తోలు బావా," అంది.

జెబ బయటికి తిరిగింది. మౌంట్ రోడ్డు మీద ఎండ తెల్లగా కాస్తోంది. గాలికి ఆమె రెండు జడల రిబ్బన్లు షీబా చేతికి తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా జెబ జడ లాక్కుంటోంది.

షీబాకు చెప్పాలనే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. పాట విడుదలైన రోజు మేడ మీద బట్టలారేస్తూ ఫోన్ చెవికి పెట్టుకుని విన్నప్పుడు, ఎండలో అలాగే నిలబడి ఏడ్చిందని చెప్పాలా? పోయిందనుకున్న గొంతు తిరిగొచ్చిందని ఆ రోజే నమ్మానని చెప్పాలా? ఆ సంతోషం నిలిచింది మరునాడు పాట ఊరంతా మోగే దాకానే. తర్వాత ప్రతి అడుగు చప్పుడుకూ ఉలిక్కిపడుతోంది.

కోడంబాక్కం వంతెన ఎక్కుతుంటే గోడంతా శనివారం కచేరీ పోస్టర్లే. ఒక పక్క ముత్తురాజ్, ఒక పక్క కళ్యాణ్. వెనక మసకగా వాద్యాల వాళ్లు.

జెబ మెడ తిప్పి ఆ పోస్టర్లన్నీ వెతికింది. వంతెన దిగే దాకా చూస్తూనే ఉంది. తల్లి తనను చూస్తోందని తెలిసీ ఆపలేదు.

* * *

స్టూడియో ఒక పాత ఇంటి మేడ మీద ఉంది. చెప్పులు బయట విడిచి, రెండు తలుపులు దాటితే చల్లటి గది. కళ్యాణ్ కంప్యూటర్ ముందు నుంచి లేచి ఎదురొచ్చాడు. రాజమండ్రి కుర్రాడు. పాటల కోసం చెన్నై వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కోరస్ వాళ్లను కూడా పేరు పెట్టి పలకరించే మనిషి.

"రండక్కా, కూర్చోండి. నేనే మీకు ఫోన్ చేద్దామనుకుంటున్నాను. ఈ అమ్మాయి మీ పాపేనా?"

"అవును బాబూ. ఒక సాయం కావాలని వచ్చినా."

"చెప్పండి."

"పాట కింద నా పేరు తీసేయండి."

కళ్యాణ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. "ఎందుకక్కా? ఆ గొంతెవరిదని రోజూ ఎంతమంది అడుగుతున్నారో తెలుసా? మీ ఆలాపన ఒక్కటీ తీసుకుని జనం వీడియోలు చేసుకుంటున్నారు. పాత ఆల్బం ఒకటి ఉంది కదా మీది, దాన్ని కూడా వెతికి పట్టుకున్నారు. మీరు ఎవరితో పాడారు, వాళ్లు ఇప్పుడెక్కడున్నారు, అన్నీ కలుపుకుంటూ పోతున్నారు. ఇలాంటి అదృష్టం..."

"తీసేయండి బాబూ. మీకు దండం పెడతా."

"అయ్యో, అంత మాటెందుకు. కంపెనీ వాళ్లకు చెబితే తీసేస్తారు. కానీ చూసినవాళ్లు ఎటూ చూసేశారు కదా."

"ఎవరు చూసినారు?"

కళ్యాణ్ జెబ వైపు చూశాడు. ఆ చూపులో ఏదో దాచుకున్న సంతోషం ఉంది.

"శనివారం దాకా చెప్పకూడదనుకున్నాం," అన్నాడు. "సరే, ఎలాగూ వచ్చారు. ముత్తురాజ్ గారి వాళ్లూ మేమూ చివరి పాట కలిసి చేస్తున్నాం, 'రేవు దీపం'. నిన్న ఇక్కడే రిహార్సల్. మీ ఆలాపన రాగానే వాళ్ల ప్యాడ్స్ ఆయన వాయించడం ఆపేశారు. ఎవరిదీ గొంతు అన్నారు. మీ పేరు చెప్పాను. అక్కడే, ఆ స్టూలు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు."

గోడ పక్కన ఒక ఎత్తు స్టూలు ఉంది. వేలు దాన్ని చూశాడు. జెబ కూడా చూసింది.

"పదేళ్లుగా వెతుకుతున్నానన్నారు. పెళ్లాం బిడ్డ దూరమయ్యారు, నాదే తప్పు, ఒక్కసారి క్షమాపణ అడగాలి అన్నారు. ముత్తురాజ్ గారికి చెబితే ఆయనకూ కళ్లనీళ్లొచ్చాయి. అప్పుడే అనుకున్నాం. శనివారం మీరు స్టేజీ మీద ఆలాపన పాడతారు. మీకు తెలియకుండా వెనక నుంచి ఆయన ప్యాడ్స్ అందుకుంటారు. మీరు తిరిగి చూస్తారు. పాపను కూడా ముందు వరసలో..."

"ఆయనకు మీరేం చెప్పినారు?" అంది షీబా.

ఆమె గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే కళ్యాణ్ ముందుకు వంగాడు.

"ఏమక్కా?"

"నేను యాడుంటానో చెప్పినారా?"

"అడిగారు. వసంతలక్ష్మి గారిని కనుక్కుని పొద్దున ఫోన్‌లో చెప్పాను. శనివారం దాకా వెళ్లొద్దన్నాను. వెళ్లనన్నారు."

వేలు జేబులోంచి ఫోన్ తీశాడు. భార్యకు చేశాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు.

"నీళ్లు పడతా ఉంటాది," అన్నాడు తనకు తనే. మళ్లీ చేశాడు.

కళ్యాణ్ ముఖంలో నవ్వు చెదిరిపోయింది. "ఏమయిందక్కా? నేనేమైనా తప్పు చేశానా?"

షీబా కూతురి వైపు చూసింది. చెప్పకూడదనే పదేళ్లు దాచింది. ఇప్పుడు ఇంత చల్లటి గదిలో, పరాయి మనిషి ముందు చెప్పాల్సి వచ్చింది.

"ఆయన ఏడవడం మీకు నిన్న కనిపించింది బాబూ. నాకు చానా సార్లు కనిపించింది. కొట్టిన ప్రతిసారీ తర్వాత ఏడ్చేవాడు."

కళ్యాణ్ కుర్చీలో కూర్చున్నాడు.

"సూళ్లూరుపేటలో కచేరీ. నేను పాడినాక జనం మళ్లీ పాడమన్నారు. రెండు సార్లు పాడించుకున్నారు. వ్యానులో దోవంతా నవ్వతానే ఉండాడు, అందరి ముందరా నన్ను మెచ్చుకుంటా. ఇంటికొచ్చినాక, ఇంక నువ్వు పాడేది లేదన్నాడు. ఎందుకన్నా. అంతే అడిగినా. గొంతు పట్టుకున్నాడు. రెండు చేతులా." షీబా తన చేతులు మెడ దాకా తీసుకెళ్లి, తాకకుండానే దించేసింది. "ఏడాది పైన నాకు మాట సరిగా రాలేదు. ఆస్పత్రిలో మంచం కోడు తగిలిందని చెప్పినా. డాక్టరమ్మ నమ్మలేదు. నేనే నమ్మించినా."

"అక్కా..."

"అప్పుడు ఈ పాప మంచం కింద ఉండింది. బయటికి రమ్మంటే రాలేదు. పొద్దునకు ఏమీ గుర్తు లేదు దానికి. గుర్తు లేకపోవడమే మంచిదనుకున్నా. చచ్చిపోయినాడని చెప్పినా."

జెబ గోడకు ఆనుకుంది. ఆమె చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. కొంచెం దూరంగా నెట్టింది.

"నాకు చెప్పుండచ్చు గదమ్మా," అంది. నిన్న సాయంత్రం నుంచి తల్లితో అన్న మొదటి మాట అది. అందులో కోపం లేదు. అది ఇంకా కష్టంగా తగిలింది షీబాకు.

కళ్యాణ్ లేచాడు. "నేను పోలీసులకు ఫోన్ చేస్తాను. మీ వీధి పేరు ఒకసారి చెప్పండి. లేదు, నా దగ్గరే ఉంది." ఆ చివరి మాట అంటూ తనే తల దించుకున్నాడు. ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్లాడు.

వేలు మళ్లీ భార్యకు చేస్తున్నాడు.

"నేను చేస్తా బావా," అంది షీబా. తన ఫోన్ తీసింది. అంకెలు తప్పుతుంటే జెబ అందుకుని పెద్దమ్మ పేరు నొక్కింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

మోగింది. చాలాసేపు మోగింది.

"ఆ, చెప్పమ్మా వసంతలక్ష్మీ," అంది చిన్నపొన్ను.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"లేదమ్మా, ఈ పూట రాలేను. ఇంటికి చుట్టాలొచ్చినారు." చిన్నపొన్ను ఎప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడదు. ఒక్కో మాటా కింద పడకుండా పెడుతున్నట్టు మాట్లాడుతోంది. "షీబానా? షీబా లేదమ్మా. పాపను తీసుకోని నెల్లూరు పోయింది. మా పిన్నమ్మ వాళ్లింటికి. ఎప్పుడొస్తాదో నాకేం చెప్పలేదు."

వేలు నోరు తెరిచాడు. షీబా చప్పున అతని నోటిమీద చేయి పెట్టింది.

"సరిమ్మా. ఉంటా మరి."

"ఎవరు వొదినా?"

ఫోన్‌లో వెనక నుంచి వచ్చింది ఆ మగ గొంతు. మెత్తగా, మర్యాదగా.

"కోరస్ పాడే వసంతలక్ష్మి, అబ్బాయా. షీబా కోసం."

"అట్నా. ఒకసారి ఇటియ్యి వొదినా. నేనూ పలకరిస్తా."

వేలు షీబా చేయి పక్కకు తోసి తలుపు వైపు పరిగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగిపోతున్న చప్పుడు వినిపించింది. ఎంత తోలినా, కోడంబాక్కం నుంచి వాషర్‌మెన్‌పేట ఎంత దూరమో షీబాకు తెలుసు. ఈ వేళప్పుడు దారి ఎలా ఉంటుందో కూడా తెలుసు.

ఫోన్ చేతులు మారింది.

షీబా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఫోన్ కట్ చేస్తే అక్క ఒంటరిదవుతుంది. చేయకపోతే వాడు వింటాడు.

"షీబా," అన్నాడు ఆనంద్‌రాజ్.

ఆమె కదలలేదు.

"నువ్వు పలకొద్దులే. పాట ఎత్తుకునే ముందర ఊపిరి తీస్తావే, అది చాలు నాకు. ఆ రికార్డులో కూడా ముందు నీ ఊపిరే విన్నా. పాట తర్వాత విన్నా. బాగా పాడినావు. నిజంగా చానా బాగా పాడినావు."

పదేళ్లయినా ఆ గొంతు మారలేదు. జోల పాడే గొంతు. పెళ్లికి ముందు చర్చి మెట్ల మీద నిలబడి ఈ గొంతుతోనే మాట్లాడేవాడు. అప్పుడు షీబాకు పంతొమ్మిదేళ్లు. ఆ గొంతు విని, ఇంత మెత్తగా మాట్లాడే మనిషి లోకంలో లేడనుకుంది.

"పాప పక్కన ఉండాదా?" అన్నాడు. "జెబా. కన్నా. నేను నాన్నను."

షీబా కూతురి వైపు తిరిగింది.

జెబ ముఖం మారిపోయింది. కలిసిన కనుబొమలు సడలి, నుదురు చదునైంది. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఇందాక విన్నదంతా విని కూడా, ఆ ఒక్క పిలుపుకు ఆమె కళ్లు నిండాయి. షీబాకు వాడి గొంతు విన్నప్పటికంటే ఎక్కువ భయం అప్పుడు వేసింది. ఆ ముఖం ఆమెకు తెలుసు. తనకు పంతొమ్మిదేళ్లప్పటి ముఖం అది.

"నీకోసం చిన్న కీబోర్డు తెచ్చినా కన్నా. నీకిష్టమో కాదో తెలీదు. ఎంతెత్తు అయినావో కూడా తెలీదు నాకు. యాడుండారు చెప్పు. నేనే వచ్చి తీసకపోతా."

జెబ బల్ల దగ్గరికి వచ్చింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. షీబా ఆపాలనుకుంది. చేయి లేవలేదు.

"నాన్నా," అంది జెబ.

అవతల అతను గట్టిగా ఊపిరి పీల్చడం వినిపించింది.

జెబ చెంపల మీదికి నీళ్లు జారుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు. "నెల్లూరులో ఉండాం నాన్నా. పెద్దమ్మ చెప్పింది నిజమే. ఈడ చిన్నమ్మమ్మ వాళ్లింట్లో. అమ్మ నిద్రపోతా ఉండాది. లేస్తే చెప్తా. మీరు సాయంత్రం బండికి రండి, నేను స్టేషన్‌కు వస్తా."

ఎంత మెత్తగా చెప్పింది. ఎంత నమ్మేటట్టు చెప్పింది. కూతురు అలా మాట్లాడటం షీబా ఎప్పుడూ వినలేదు. ఎవరూ నేర్పని ఆ మెత్తదనం వాడిది.

పక్క గదిలో కళ్యాణ్ తమిళంలో పోలీసులకు వీధి పేరు రెండోసారి, గట్టిగా చెబుతున్నాడు. ఆ గొంతు ఫోన్‌లోకీ పోతోంది.

"నెల్లూరులోనా," అన్నాడు ఆనంద్‌రాజ్. "సరి కన్నా."

తర్వాత ఫోన్‌ను నోటికి దూరంగా పెట్టి, అదే గొంతుతో, అంతే ప్రేమగా అన్నాడు.

"యాడికి లేస్తా ఉండావు వొదినా? కూర్చో. నా కాఫీ ఇంకా అవలేదు గదా."

ఆ వెంటనే, అక్కడ, లోపలి నుంచి తలుపు గడియ పడిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది.